హస్తవాసమ్మ అంటించిన పట్టీలు

హస్తవాసి అనే మాట మామూలుగా వైద్యుల గురించి వాడతారు. ఫలానా డాక్టరు చేత్తో మాత్ర ఇస్తే చాలు, జ్వరం దానంతటదే దిగిపోతుందంటారు. బూట్ల ఫ్యాక్టరీలో జిగురు పరీక్షించే మనిషికి ఆ పేరు రావడం ఎక్కడా విని ఉండరు. ఈమెకు వచ్చింది. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా లేదు. గేటు కాపలాదారు నుంచి పై అంతస్తులో మేనేజరు దాకా అందరికీ ఆమె హస్తవాసమ్మే. ఆ పేరంటే ఆమెకు లోలోపల ఎంత గర్వమో, ఆ గర్వం చివరికి ఎవరి పీకల మీదికి తెచ్చిందో చెప్పాలంటే ముందు ఆమె పనేమిటో చెప్పాలి.

ఆ ఫ్యాక్టరీలో తయారయ్యేవి తడి నేల మీద నిలబడి పనిచేసేవాళ్ళ బూట్లు. వెనక షెడ్డులో రెండు ఇనుప రోలర్ల మధ్య రబ్బరు నలిపి, మందులు కలిపి, కొంత అట్టలుగా తీసి సోళ్ళు కోస్తారు. కొంత ద్రావకంలో కరిగించి జిగురు చేస్తారు. ముందు హాల్లో బెల్టు మీద బూట్లు కదులుతూ వస్తుంటే, వరసగా నిలబడ్డ ఆడవాళ్ళు సోలుకీ పైతోలుకీ జిగురు రాసి నొక్కి అంటిస్తారు. షెడ్డుకీ హాలుకీ మధ్య ఒక చిన్న గది. అందులో ఒక బల్ల, ఒక లాగుడు మిషను, ఒక హస్తవాసమ్మ.

కొత్త జిగురు డబ్బా వచ్చినప్పుడల్లా ఆమె సోలు ముక్కనొకటి, తోలు ముక్కనొకటి రెండు వేళ్ళ వెడల్పున కోస్తుంది. వాటిని జిగురుతో అంటించి, ఒక రోజు ఆరనిచ్చి, ఆ పట్టీని మిషను దవడల మధ్య బిగించి లాగిస్తుంది. లాగే బలాన్ని చూపే ముల్లు ఎర్రగీత దాటినా పట్టీ ఊడకపోతే జిగురు మంచిది. దాటకముందే ఊడిందా, డబ్బా వెనక్కి పోతుంది. ఏ సంగతైనా పుస్తకంలో రాసి సంతకం పెట్టాల్సింది ఆమే.

ఆమె పట్టీ అంటించడం చూడాలి. గరుకు కాగితంతో ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా, సోలు మీద నిగనిగ పూర్తిగా పోయేదాకా రుద్దుతుంది. ద్రావకంలో ముంచిన తెల్లగుడ్డతో మూడుసార్లు తుడుస్తుంది, ప్రతిసారీ గుడ్డ కొత్త మూలతో. జిగురు పలచగా ఒక పూత పూసి, వేలి వెనక భాగంతో తాకి, అంటుకోదని తేలాక రెండో పూత వేస్తుంది. మళ్ళీ ఆగి, అప్పుడు నడిమి నుంచి అంచులకు చిన్న రోలరుతో నొక్కుతుంది. పద్దెనిమిదేళ్ళ కిందట ఆ బల్ల దగ్గర ఆమెను కూర్చోబెట్టిన పాత పరీక్షకుడు ఒకే మాట చెప్పాడు. "అమ్మా, నీ చేతిలో తప్పుంటే జిగురులో తప్పు కనపడదు. ముందు నీ చెయ్యి శుద్ధంగా పెట్టుకో." ఆయన రిటైరై వెళ్ళిపోయాడు. ఆ మాట మాత్రం ఆమె చెవిలో ఇల్లు కట్టుకుంది.

ఇంట్లోనూ అంతే. విరిగిన బకెట్టు చెవులు, ఊడిన పుస్తకాల అట్టలు, పగిలిన బొమ్మలు మెట్ల మీదుగా ఆమె గుమ్మంలోకే వచ్చేవి. లిఫ్టు నడిపే భర్త, "నీ ధర్మమా అని నా చెప్పులు పదేళ్ళుగా కొత్తవి కొనుక్కునే భాగ్యం లేదు" అని వచ్చినవాళ్ళకల్లా చెప్పేవాడు. ఆమె పైకి విసుక్కునేది గానీ ఆ మాట ఆమెకు తీపి.

ఎదురు వాటాలో తోడికోడలు. మరిది పోయాక ఆమెను ఫ్యాక్టరీలో చేర్పించింది హస్తవాసమ్మే. "మా ఇంటి మనిషి, పూచీ నాది" అని మేనేజరుకు చెప్పి మరీ బెల్టు దగ్గర నిలబెట్టింది. ఆ మాట పోలేదు. తోడికోడలిది మెరుపు చెయ్యి. పక్కామె రెండు జతలు అంటించేలోగా ఆమె మూడు పూర్తిచేసేది. ఆమె చేతి నంబరు పద్నాలుగు. ప్రతి బూటు లోపలా అంటించినవాళ్ళ నంబరు ముద్ర ఉంటుంది.

ఒకరోజు ఒక గోనెసంచి తిరిగొచ్చింది. అందులో నలభై జతల బూట్లు, సోళ్ళు నాలుకలు వేలాడేసినట్టు వేలాడుతున్నాయి. ఒక లాండ్రీలో పనిచేసే మనిషి తడి మెట్ల మీద నడుస్తుంటే సోలు సగం ఊడి, కాలు మడతపడి, కిందపడి మణికట్టు విరిగిందట. విచారణ అన్నారు. పై అంతస్తులో బూట్లు బోర్లించి నంబర్లు చూశారు. నలభైలో పదిహేడు జతల్లో పద్నాలుగో నంబరు ముద్ర ఉంది. ఇంకేం కావాలి? తోడికోడలి చేతికి కాగితం వచ్చింది. వారంలోగా సంజాయిషీ ఇవ్వాలి, లేకపోతే నిర్లక్ష్యం కింద తొలగిస్తారు. నిర్లక్ష్యం అని రాసి పంపితే ఆ చుట్టుపక్కల ఏ ఫ్యాక్టరీ గేటూ ఆమెకు తెరుచుకోదు.

ఎక్కువ జతలు అంటించినామె నంబరు ఎక్కువ జతల మీద ఉండక ఎవరిదుంటుంది? చంటిపిల్లవాడికైనా తెలిసే ఈ లెక్క పై అంతస్తులో ఒక్కరికీ తట్టలేదు. పని ఎక్కువ చేసినవాళ్ళకే తప్పులు ఎక్కువ రాసే న్యాయం అది.

ఆ సాయంత్రం ఇంటి మెట్ల మీదే, ఇరుగుపొరుగు చూస్తుండగా ఇద్దరూ ఎదురుపడ్డారు.

"అక్కా, నువ్వొక్క మాట చెప్పు. నా చెయ్యి కాదు, జిగురే బాగాలేదని చెప్పు" అంది తోడికోడలు.

హస్తవాసమ్మకు చురుక్కుమంది. జిగురు బాగాలేదంటే తన సంతకం బాగాలేదని కదా. "ఆ జిగురు నేను పరీక్షించింది. ఒక్క పట్టీ కూడా గీత దాటకుండా ఊడలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు జిగురు మీద పెడతావేంటి? నీకు తొందరెక్కువ. గరుకు సరిగ్గా పట్టించి ఉండవు."

తోడికోడలు ఏడవలేదు. "నువ్వు ఆ గదిలో కూర్చుని ఒక్క పట్టీని పూటంతా అంటిస్తావు. మాకు జతకి అర నిమిషం ఇస్తారు. ఒక్కరోజు వచ్చి నిలబడి చూడక్కా, తర్వాత తిట్టు" అని తలుపు వేసుకుంది.

అందరి ముందూ తలుపు మొహాన వేయించుకున్న మనిషికి ఆ రాత్రి ముద్ద దిగలేదు. ఎలా అంటించాలో చూపించి తీరుతానని పొద్దున్నే నేరుగా హాల్లోకి వెళ్ళింది. సూపర్‌వైజరును అడిగి, తోడికోడలి పక్కన, పదిహేనో నంబరు చోట నిలబడింది. బెల్టు కదిలింది.

మొదటి బూటు వచ్చింది. ఆమె గరుకు కాగితం తీసింది. నిలువుగా రుద్దేసరికి రెండో బూటు వచ్చింది. తుడుద్దామని గుడ్డ వెతికితే, ద్రావకం గిన్నె ఆరుగురికి ఒకటి, గుడ్డ పొద్దుటి నుంచి అదే. మూడోది వచ్చింది. మొదటి పూత ఆరిందా లేదా అని వేలు పెట్టి చూస్తుంటే నాలుగూ ఐదూ వచ్చి ఆమె ముందు గుట్టపడ్డాయి. సూపర్‌వైజరు కేకేశాడు. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. హస్తవాసమ్మకు చెవులు వేడెక్కాయి. గుట్టను దించడానికి తనూ అందరిలాగే ఒక గీత గీకి, ఒక పూత పూసి, అదిమి వదిలేయడం మొదలుపెట్టింది. గంటలో అరవై జతలు కూడా చేయలేకపోయింది. పక్కన తోడికోడలు నూట ఎనభై చేసింది, ఆమె గుట్టలోంచి కొన్ని తీసుకుని మరీ.

మర్నాడు ఆమె తను అంటించిన బూట్లలో మూడు తీసుకుని, వాటి సోలు నుంచే పట్టీలు కోసి మిషనుకు బిగించింది. ముల్లు ఎర్రగీతకు సగం దూరంలో ఉండగానే మొదటి పట్టీ చప్పుడు లేకుండా ఊడింది. రెండోదీ ఊడింది, మూడోదీ ఊడింది. ఊడిన సోలు మీద వేలు పెట్టి చూస్తే నూనె జిడ్డు. పద్దెనిమిదేళ్ళలో ఆమె చేత్తో అంటించినది ఊడటం అదే మొదటిసారి.

మద్దెలే ఓడు. మద్దెల ఓడైనా పాట వినబడేలా ఇన్నాళ్ళూ వాయించినది తనే.

పట్టీలు పిడికిట్లో పట్టుకుని వెనక షెడ్డుకు వెళ్ళింది. రబ్బరు మేస్త్రి రోలర్ల దగ్గర ఉన్నాడు. నలభై ఏళ్ళుగా రబ్బరు నలిపి నలిపి ఆయన అరచేతులు కూడా ఆ రంగుకే వచ్చాయి.

"అన్నా, ఈ సోలుకి జిడ్డెందుకు?"

ఆయన పట్టీల వంక చూసి నిట్టూర్చాడు. "ఇప్పుడడిగావా చెల్లెమ్మా? రెండేళ్ళ కిందట సోలు మార్చారు కదా. అప్పుడు ఉత్త రబ్బరు. ఇప్పుడు చవగ్గా వస్తుందని ప్లాస్టిక్ కలుపుతున్నారు. ఆ ప్లాస్టిక్‌ని మెత్తబరచడానికి వేసే నూనె మెల్లమెల్లగా పైకి చెమర్చుతుంది. మన పాత జిగురుకి ఉత్త రబ్బరంటేనే ప్రాణం. ఈ కలగాపులగం సోలుని అది దగ్గరికి రానివ్వదు."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"చెప్పకేం!" ఆయన గోడవార అల్మారా తెరిచి, పాలిథీన్ సంచిలో చుట్టిన గోధుమరంగు దిమ్మెలు నాలుగు చూపించాడు. "ఇది మార్పు చేసిన రబ్బరు. చెట్టు పాలుగా ఉండగానే దీనికి ప్లాస్టిక్ జాతి పదార్థం ఒకటి అంటు కడతారు, తోటలో మొక్కకి కట్టినట్టు. వేరు రబ్బరుదే, కొమ్మ ఆ రెండోదానిది. ఒక చేత్తో రబ్బరునీ ఇంకో చేత్తో ప్లాస్టిక్‌నీ పట్టుకుంటుంది. వియ్యాలవారి మధ్య రెండిళ్ళకీ చుట్టమైన మనిషి ఉంటే ఎలా ఉంటుందో అలాగ. జిగురులో దీన్ని ఒక వంతు కలిపితే కాస్త జిడ్డున్నా పట్టు వదలదు. ఈ సోలుకి ఇదే కావాలని నమూనా తెప్పించి మేనేజరు ముందు పెట్టాను."

"ఏమన్నాడు?"

మేస్త్రి ఆమె మొహంలోకి చూడకుండా దిమ్మె మీద దుమ్ము దులిపాడు. "నీ పుస్తకం తెరిచి చూపించాడు. పాత జిగురుతో కొత్త సోలు మీద కూడా పట్టీలన్నీ గీత దాటాయి కదా, హస్తవాసమ్మ సంతకం ఉంది కదా, ఇక ఈ ఖరీదైన సరుకెందుకు అన్నాడు. నేనేం చెప్పను? నీ సంతకం మీద నాకూ నమ్మకమే."

అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏమిటో ఆమెకు అప్పుడు తెలిసింది. తను మూడుసార్లు తుడిచి తుడిచి పారేసింది ఆ నూనెనే. ఎంత శుభ్రంగా చేస్తే అంత నిక్షేపంగా ఆ లోపాన్ని కప్పిపెట్టింది. ఆ కప్పును అడ్డం పెట్టుకుని పై అంతస్తువాళ్ళు రెండేళ్ళు నిద్రపోయారు. ఎవరిదో మణికట్టు విరిగేసరికి లేచి, పద్నాలుగో నంబరు మీద పడ్డారు. వాళ్ళ మీద ఎంత కోపం వచ్చిందో తన మీదా అంతే వచ్చింది. ఏడుపు రావలసిన చోట కూడా కోపమే వచ్చింది.

"ఆ దిమ్మెలతో జిగురు చేసిపెట్టన్నా" అంది.

"మొండి సరుకు ఇది. వేడి రోలర్ల మీద ముందు దీన్ని ఒంటరిగా లొంగదీయాలి. అది మెత్తబడ్డాక మామూలు రబ్బరు కలపాలి. రెండూ కలిపి వేస్తే గులకరాళ్ళలా మిగిలిపోతుంది. ఒక రోజు పడుతుంది."

"ఒక రోజు ఆగుతాను. రెండేళ్ళు ఆగాం కదా."

విచారణ రోజున మేనేజరు గదిలో బల్లకు అటు ఆయన, ఇటు తోడికోడలు. మేనేజరు మాటకారి. గొంతు పెంచకుండానే గొంతు కోయగలడు. "చూడమ్మా, నీ మీద నాకు కోపం లేదు. తొందరలో తప్పు జరిగిందని రాసి సంతకం పెట్టు. మానవతా దృష్టితో ఆలోచిస్తాం" అంటూ కాగితం ముందుకు జరిపాడు. తోడికోడలు కలం అందుకుంది. ఇంటి అద్దె, పిల్లల చదువు, గేటు బయట నిలబడాల్సిన రోజులు అన్నీ ఆ కలంలో ఉన్నాయి. అప్పుడే తలుపు తోసుకుని హస్తవాసమ్మ వచ్చింది. వెనకాలే లాగుడు మిషనును ట్రాలీ మీద తోసుకుంటూ మేస్త్రి.

"ఆ కలం కింద పెట్టు" అంది తోడికోడలితో. తర్వాత మేనేజరు వైపు తిరిగింది. "సార్, ఈమె సంతకం పెట్టేముందు నా సంతకాల సంగతి తేల్చండి."

బల్ల మీద మూడు పట్టీలు పేర్చింది. మొదటిది పాత జిగురుతో తన పద్ధతిలో అంటించింది. మిషనుకు బిగించింది. ముల్లు ఎర్రగీత దాటి ముందుకెళ్ళింది. మేనేజరు నవ్వాడు, "అదే కదమ్మా మేమూ అనేది" అన్నాడు. రెండోది అదే జిగురుతో, బెల్టు దగ్గర, అర నిమిషంలో అంటించింది. గీతకు సగం దూరంలో ఊడి కింద పడింది. మూడోది మేస్త్రి చేసిన అంటు రబ్బరు జిగురుతో, అదే బెల్టు దగ్గర, అదే మురికి గుడ్డతో, అదే అర నిమిషంలో తోడికోడలు అంటించింది. ముల్లు గీత దాటింది. దాటి ఇంకా వెళ్ళింది. చివరికి జిగురు ఊడలేదు, తోలే చిరిగింది.

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "పరీక్ష అంటే పద్ధతిగా చేయాలమ్మా. ఇలా తుడవకుండా, ఆరనివ్వకుండా చేస్తే పరీక్షెలా అవుతుంది?"

"బూట్లు అలాగే కదా సార్ చేయిస్తున్నారు!"

"అంటే రెండేళ్ళుగా మీరు పెట్టిన సంతకాలన్నీ తప్పంటారా?"

అది ఆయన చివరి అస్త్రం. గురి చూసే వదిలాడు. ఆ మాటకు ఆమె తలవంచుతుందనీ, పద్దెనిమిదేళ్ళ పేరును ఎవరూ చేతులారా బురదలో వేసుకోరనీ ఆయన లెక్క. తోడికోడలు గాభరాగా, "వద్దక్కా, నేను పెట్టేస్తాను" అంది.

"నువ్వూరుకో" అంది హస్తవాసమ్మ. "అబద్ధం రాయలేదు సార్. కానీ నేను పరీక్షించింది మీ జిగురుని కాదు, నా చేతిని. నా చెయ్యి గొప్పదని అందరూ అంటుంటే మురిసిపోయి, హాల్లోకి ఒక్కసారి కూడా వెళ్ళి చూడలేదు. అది నా తప్పు. ఒప్పుకుంటున్నాను. మరి మీరు? మేస్త్రి దిమ్మెలు తెచ్చి మీ ముందు పెట్టినప్పుడు నా పుస్తకం చూశారు గానీ, నాలుగు అడుగులు వేసి బెల్టు చూశారా? జతకి అర నిమిషం అని రాసింది పద్నాలుగో నంబరా? ఆరుగురికి ఒక గుడ్డ ఇచ్చింది పద్నాలుగో నంబరా? సోలులో ప్లాస్టిక్ కలిపింది ఎవరు? దొంగని వదిలేసి సన్నాసిని పట్టుకున్నారు. అదీ, మీకు అందరికన్నా ఎక్కువ జతలు చేసిపెడుతున్న సన్నాసిని!"

పరీక్ష పుస్తకం తెరిచి, చివరి పేజీలో, తన ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది: ఈ రెండేళ్ళ పట్టీలు నేను అంటించినవి. బూట్లు అంటించినట్టు అంటించినవి కావు. వీటిని చూసి ఎవరినీ శిక్షించవద్దు. కింద సంతకం పెట్టింది. మేస్త్రి కలం తీసుకుని, ఎవరూ అడగకుండానే, దాని పక్కన తనదీ పెట్టాడు.

పుస్తకంలో పడ్డ రాతను పై అంతస్తు వాళ్ళు చెరపలేరు. విరిగిన మణికట్టు తరఫున ఎవరైనా వచ్చి ఆ పుస్తకం అడగవచ్చు కూడా. అందుకని పది రోజుల్లో పనులు చకచకా జరిగాయి. అంటు రబ్బరు బేళ్ళు వచ్చాయి. మేస్త్రి రోలర్లు వేడెక్కాయి. ఇక మీదట పరీక్ష పట్టీలు బెల్టు దగ్గరే, ఎవరి చేత పడితే వాళ్ళ చేత అంటింపజేయాలని ఆర్డరు వచ్చింది. అది మేనేజరుకే తట్టిన ఆలోచనట. తోడికోడలికి రెండో కాగితం వచ్చింది: మానవతా దృష్టితో ఆమెను క్షమించడమైనది. చేయని తప్పుకి క్షమాభిక్ష! ఆమె ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్టులో దోపుకుని మళ్ళీ బెల్టు దగ్గర నిలబడింది, పిల్లలు ఉన్నారు కనుక.

తప్పు మాత్రం ఎవరో ఒకరి పేర పడాలి కదా, గాలిలో వదిలేస్తే పై అంతస్తులో ఎవరి మీద వాలుతుందో. అందుకని హస్తవాసమ్మకూ ఒక కాగితం వచ్చింది. విచారణ సమయంలో పరీక్ష పట్టీలను నిర్దేశించిన పద్ధతిలో శుభ్రపరచకుండా, ఆరనివ్వకుండా, నిర్లక్ష్యంగా తయారుచేసినందుకు హెచ్చరిక. పద్దెనిమిదేళ్ళలో వేల పట్టీలు అంటించిన మనిషి. వాటిలో బూటు గురించి నిజం చెప్పినవి ఆ బెల్టు పట్టీలే. నిర్లక్ష్యం అన్న పేరు వాటికే వచ్చింది.

ఆమె రెండుసార్లు చదివింది. ఈసారి కేకలు వేయలేదు. కాగితం పట్టుకుని హాల్లోకి నడిచింది. బెల్టు దగ్గర, మేనేజరు రోజూ కిందికి దిగే మెట్ల ఎదురుగా, నూనె చారలు కట్టిన ఇనుప స్తంభం ఒకటుంది. ఆమె దాన్ని తుడవలేదు. గరుకు పట్టించలేదు. కొత్త జిగురు ఒకే ఒక్క పూత రాసి, కాగితం వెనక ఒక పూత రాసి, పద్నాలుగో నంబరు చేత అదిమించింది. అర నిమిషం పట్టింది. హాల్లో వాళ్ళంతా చూశారు.

దాన్ని పీకేయమని మేనేజరు ముందు ఆఫీసు మనిషిని పంపాడు, తర్వాత కత్తి ఇచ్చి ఇంకో మనిషిని పంపాడు. అంచుల్లో కాస్త స్తంభం రంగు లేచింది. కాగితం ఇంకా అక్కడే ఉంది.